మళ్ల ఒకటి నుంచి

పరకాలల భూపాలపల్లి రోడ్డు మీద
ఓదెలు వైండింగ్ షాపుకు బోర్డు లేకుండె.
కాలిన మోటరు వాసనే బోర్డు.
ఎండకాలం పొద్దుగూకంగ
టీవీఎస్‌ల మీద, ట్రాక్టర్లల్ల వచ్చేటియి.
ఒకసారైతే నులకమంచం మీద పండవెట్టి
నలుగురు మోసుకొచ్చిండ్రు ఒక మోటరును,
పీనుగను తెచ్చినట్టు, మాట్లాడకుంట.

మా అమ్మ పక్కరుగు మీద బీడీలు చేసేది.
బడి ఇడిసినంక నేను
షాపు గడప మీద కూసుని ఎక్కాలు రాసేదాన్ని.
ఆయన హ్యాండిల్ తిప్పుకుంట లెక్కపెట్టేది,
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది,
రాగితీగ కొత్త బెల్లం రంగుల పేరుకునేది.
ఎవలన్న గడప కాడికొచ్చి
"ఓదెలన్నా, రాత్రికల్ల అయితదా?" అంటే
చెయ్యి ఆగేది. లెక్క పోయేది.
తిట్టకపోయేది.
చుట్టిందంత ఇప్పి
మళ్ల ఒకటి నుంచి.

"రెండు చుట్లు అటో ఇటో అయితే ఏమైతది మామా?"
జవాబు చెప్పలే.
వెదురుపుల్లలు చెక్కుమని చాకు చేతికిచ్చిండు.
ఆడపిల్లకు గీ పనెందుకని
మొదట్ల అన్నది గూడ ఆయనే. అది దాచను.

నడికూడ సారంగం మోటరు
చుట్టిన తొమ్మిదో నాడే మళ్ల కాలి వచ్చింది.
"ఓల్టేజీ ఉంటలేదన్నా, కరెంటోళ్ల పాపం" అని
ఆయనకాయనే సముదాయించుకున్నడు సారంగం.
ఓదెలు మామ మోటరు ఇప్పి
చానాసేపు లోపటికి చూసిండు.
షాపుల నేను, రేడియో, ఇంకెవలు లేరు.
ఊకుంటే అయిపోవు.
"కరెంటోళ్లది కాదు సారంగం.
ఒక్క గాడిల కాయితం పెట్టుడు మరిశిన.
తప్పు నాది."

సారంగం మెచ్చుకోలే. మిర్చి తోట ఎండిందాయె,
అమ్మను అక్కను తిట్టి ఉమ్మేసి పోయిండు.
రాత్రంత కూసుని పైస తీసుకోకుంట చుట్టిచ్చినా
పొద్దుగాల మోటరు కొంటవోయి
మళ్ల ఆ దిక్కు రాలే.
ఆయన ఎనుక మూడూర్ల గిరాకి హుజూరాబాద్‌కు మళ్లింది.
"పిచ్చోడు" అన్నది మా అమ్మ, ఆకు కత్తిరిచ్చుకుంట.

అమ్మ కట్టకు ఇరవై అయిదు పెట్టాలె.
ఒక్కోపారి ఇరవై నాలుగే కట్టేది.
సేటు ఛాటు పేరు మీద దోసిళ్లకు దోసిళ్లు తీసేటోడు,
అమ్మ ఒక్కటి తీసేది.
ఆ ఒక్కొక్కటి కూడి నా పదో తరగతి పరీక్ష ఫీజు.
ఈ ఇద్దరిని ఒక్క తరాజుల పెట్ట చాతగాక
పక్కపక్క అరుగుల మీదనే ఉంచుకున్న ఇన్నేండ్లు.

ఇప్పుడు వరంగల్ల పెద్దాస్పత్రి ల్యాబుల ఉంట.
వానకాలం జ్వరాలు.
మిషను ఆగిన రాత్రి
మైక్రోస్కోపు కింద రక్తం చుక్క,
గడిగడికి లెక్క, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది,
కిటికీల ఒక మొఖం:
"మేడమ్, మా పిలగాని రిపోర్టు అయిందా?"
తిట్టను.

తిట్టిన రోజులు గూడ ఉన్నయి.

ఒక రాత్రి రెండు చీటీలు తారుమారైనయి.
నేనే చేసిన, నాకే తెలిసింది, రెండు గంటలకు.
మూడో అంతస్తు వార్డు దాంక మెట్లెక్కుకుంట
మెట్టుకొక సాకు దొరికింది:
ఇద్దరి పేర్లు ఒక్కటే, చీటీ తడిసింది,
డబుల్ డ్యూటీ, జనం,
ఆఖరి మెట్టు మీద, కరెంటోళ్ల పాపం.
డాక్టరమ్మ ముంగట నిలబడి నోరు తెరిస్తే
పరకాల షాపుల మాట వచ్చింది.
మెమో ఇచ్చిండ్రు. బీరువల ఉన్నది.

మొన్న పెత్తరమాసకు ఊరికి పోతే
షాపుల సెల్‌ఫోన్లు అమ్ముతున్నరు.
ఓదెలు మామ ఇంటి ముంగట గడంచెల ఉన్నడు,
కండ్లల్ల పొరలు, గొంతు పట్టి నన్ను గుర్తుపట్టిండు.
"ఏం పని బిడ్డా పట్నంల?"
"లెక్కపెట్టుడు మామా."
జర సేపు ఆగి అడిగిండు:
"నడుమ పిలుస్తరా ఎవలన్న?"
"పిలుస్తరు."
పండ్లు లేని నోటితోని
కడుపార నవ్విండు.